పిల్లలు చూసే బొమ్మేనా

దీపాలు ఆరిపోగానే ఆండాళు కొంగు భుజం చుట్టూ లాక్కుని, పరీక్ష రాసే పిల్లలకు కాపలా ఉన్నట్టు బెంచీ మీద నిటారుగా కూర్చుంది. సినిమాకు వచ్చినవాళ్లెవరూ అలా కూర్చోరని ఆమెకూ తెలుసు, కాని వీపు వంగనంటోంది. తను వచ్చింది సినిమా చూడటానికి కాదు, పిల్లలు దాన్ని చూడవచ్చునో లేదో తేల్చడానికి. పొద్దున ఆ మాట అన్నప్పుడు ఆమె భర్త వెంకటరాజం చాయ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. నవ్వితే నవ్వనీ. పాలమూరు ఆడపిల్లల బడిలో అంతమంది పంతులమ్మలు ఉండగా పెద్దసారు రామచంద్రంగారు తన పేరే చెప్పారు, ఆండాళమ్మగారు సరేనంటే సరే, కాదంటే కాదు, అని. నల్గొండ జిల్లా చండూరులో సాలెవాడలో పుట్టి, మగ్గం గుంట పక్కన పాకిన పిల్ల ఇవాళ ఒక బొమ్మ మంచిదో చెడ్డదో చెప్పే మనిషయింది. అందుకే పెట్టె అడుగు నుంచి పుట్టింట్లో బాపు నేసిన పెద్దంచు చీర తీసి కట్టుకుంది. ఆడవాళ్ల వైపు పరదా తప్పించుకుని లోపలికి వస్తున్నప్పుడు ఆ గంజి చీర గరగరమంటుంటే వినడానికి హాయిగా ఉండింది. కాళ్ల కింద పల్లికాయల పొట్టు పటపటమంటోంది, ఎవరి చంటిపిల్లో ఏడుస్తోంది, పైన రేకుల వేడి తల మీదికి దిగుతోంది, ఎదురుగా తెర తెల్లబడింది.

అసలు ఇంత పని పడవలసింది కాదు. జిల్లా ఆటల పోటీల్లో ఆడపిల్లల బడికి మొదటి బహుమతి వచ్చిందని టాకీసు మేనేజరు సంబరపడి, ఒక ఆదివారం పొద్దుటి ఆట పిల్లలకు ఊరికే వేస్తానన్నాడు. కిందటేడు మగపిల్లల బడికి ఇలాగే వేశాడు, కత్తియుద్ధాల బొమ్మ. తలలు తెగిపడుతుంటే పిల్లలు బెంచీలెక్కి చప్పట్లు కొట్టారట. దాన్ని ముందుగా ఎవరూ చూసి రాలేదు, చూడాలని ఎవరికీ తోచనైనా లేదు. ఇప్పుడు వేసేది నవ్వుల బొమ్మ, ప్రేమ బొమ్మ అని గోడల మీద కాగితాలు పడేసరికి పెద్దమనుషులకు నిద్ర పట్టలేదు. ఆడపిల్లలకు ప్రేమ చూపిస్తారా అని చాటున అందరూ అన్నారు. బడి దాకా వచ్చి మొహం మీద అన్నవాడు సాయిలు ఒక్కడే. సాయిలు ఊరవతల పల్లెలో జొన్నలు, ఆముదాలు పండించే రైతు, ఏడో తరగతి కిష్టమ్మ తండ్రి. కూర్చోమంటే కూర్చోలేదు. వరండా స్తంభానికి ఆనుకుని, భుజం మీది తువ్వాల చేతుల్లో నలుపుతూ, నేలకేసి చూస్తూ చెప్పాడు. "మీరు నేర్పే షోకులు సాలవా పంతులమ్మా. గా ప్రేమల సినిమాకు తీస్కపోతే మా కిష్టమ్మను బడి మాన్పిస్త." ఆండాళు నెమ్మదిగా, ఒక్కో మాటా తూచినట్టు, మీరేమీ ఆందోళన పడవద్దండీ, ముందుగా నేను చూసివచ్చి మీకు తెలియజేస్తాను అంది. ఎంత మర్యాదగా చెప్పిందో అతని మొహం అంతగా ముడుచుకుపోయింది. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. ఆట వదిలే వేళకు టాకీసు గేటు దగ్గరికి తానే వచ్చి అడుగుతానని చెప్పి వెళ్లిపోయాడు. అంటే ఈ పాటికి ఎడ్లకు మేత వేసి బయలుదేరే ఉంటాడు. కిష్టమ్మ బడి మానేస్తే ఏడో తరగతిలో ఇంకేం మిగులుతుంది? పలక ముట్టకుండా నోటితోనే లెక్క తేల్చే పిల్ల అది.

తెర మీద ఏదో పట్నం వీధి. కుర్ర డాక్టరొకడు కొత్తగా వచ్చి గుమ్మానికి బోర్డు కట్టుకుంటున్నాడు. ఎదురింటి మేడ మీంచి ప్లీడరుగారి అమ్మాయి చూసి, బోర్డు వంకరగా ఉందని సైగ చేసింది. అతను సరిచేశాడు, ఇటు వంకరయింది, మళ్లీ సరిచేశాడు, అటు వంకరయింది. హాల్లో నవ్వులు. మరునాటి నుంచి ఆ పిల్లకు రోజుకో రోగం. ఒకనాడు తల తిరుగుడు, ఒకనాడు ఎక్కిళ్లు, ఎక్కిళ్లు కూడా ఆమె తాళం తప్పకుండా పడుతోంది. డాక్టరు కనిపెట్టేశాడు. మొహం గంభీరంగా పెట్టుకుని నల్లటి చేదుమందు గ్లాసు నిండా పోసి తన ఎదుటే తాగమన్నాడు. ఆ పిల్ల మొహం చూసి ఆడవాళ్ల వైపు ముసలీ ముతకా అందరూ పకపకలాడారు. ఇది పిల్లలకు నచ్చుతుంది, ఇందులో తప్పేముంది, అని ఆండాళు మనసులోనే ఒక మంచి మార్కు వేసింది. వేస్తుండగానే డాక్టరు నాడి చూస్తానని ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు విడవలేదు. ఆ పిల్లా లాక్కోలేదు. వెనక ఏదో సన్నాయి మొదలయింది. కింద నేల క్లాసులోంచి ఒక ఈల లేచింది. ఇదిగో వచ్చింది, అనుకుంది ఆండాళు. ఇక్కడ సాయిలు కూర్చుని ఉంటే ఏమనేవాడు? తువ్వాల దులుపుకుని లేచిపోయేవాడా? ఏడో తరగతి వరసలో పిల్లలు ఒకరి పక్కలో ఒకరు పొడుచుకుంటారా? అలా లెక్కలు వేస్తూ వేస్తూ చూసుకుంటే, తన కుడిచెయ్యి తన ఎడమ మణికట్టును పట్టుకుని ఉంది.

కండెల గంప. పెళ్లయి అదే సాలెవాడలో కాపురానికి వచ్చిన కొత్తలో ముందరి అర్రలో మగ్గం, వెనక అర్రలో రాట్నం, నడుమ అత్త గుర్వమ్మ. పగలు మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటే వాడంతా ముచ్చటే. ఆమె వెనక కూర్చుని నూలు కండెలు చుట్టేది, వెంకటరాజం గుంటలో కాళ్లు పెట్టి నేసేవాడు. నాడె అటూ ఇటూ పోయే టకటక చప్పుడే ఇంటికి ఊపిరి. ఆ చప్పుడు ఆగిందంటే నాడెలో కండె అయిపోయిందని, ఇంకొకటి తెచ్చి ఇవ్వాలని గుర్తు. మొదట్లో సరిగ్గానే ఆగేది. తరవాత తరవాత ఊరికే ఆగడం మొదలుపెట్టింది. ఆమె కండె పట్టుకుని వెళ్లేసరికి నాడెలో సగం నూలు అలాగే ఉండేది. అతను ఏమీ ఎరగనట్టు, కండె కావాలె అనేవాడు. అందుకునేటప్పుడు కండెతో పాటు వేళ్లు కూడా పట్టుకునేవాడు. విడవడం మరిచిపోయినట్టు. వాడకట్టు పిల్లలు అక్కడే కూర్చుని చిక్కులు తీస్తుండేవాళ్లు, చూసేవాళ్లు, కిసకిసలాడేవాళ్లు. ఒకనాడు గుర్వమ్మ గంపలో చెయ్యి పెట్టి సగం సగం మిగిలిన కండెలు గుప్పెడు పైకి తీసింది. "ఏందిరా, నీ కండెలు గింత జల్ది అయితున్నయి? నూలు సన్నబడ్డదా, నీకు కండ్లు పెద్దగైనయా?" అంది. మామ నవ్వాడు, పిల్లలు నవ్వారు, ఆండాళు తలుపు చాటుకు పరుగెత్తింది. ఆ మరునాటి నుంచి నాడె ఆగకముందే గుర్వమ్మ కేకేసేది, పో బిడ్డా, కండె అడుగుతుండు పో, అని. ఎంత గర్వంగా ఉండేదో ఆ కేక వింటే. ఏ పట్నం డాక్టరుకూ తీసిపోని మొగుడు, ఏ ప్లీడరు ఇంట్లోనూ దొరకని అత్త. ఆనాడు చిక్కులు తీసిన పిల్లల్లో ఒక్కరైనా చెడిపోయారా? అందరూ పెళ్లిళ్లు చేసుకుని, మగ్గాలు పెట్టుకుని, ఇప్పటికీ చండూరు వెళ్తే కండె కావాలెనా అక్కా అని ఆటపట్టిస్తారు. ఇంట్లో ప్రేమ ఉందని పిల్లలకు తెలియడం కూడా ఒక చదువే కదా. మార్కు వెయ్యాలా కొట్టెయ్యాలా? వేసింది.

పక్కన ఎవరో గట్టిగా నిట్టూర్చితే ఆండాళు మళ్లీ హాల్లోకి వచ్చిపడింది. కథ కొంచెం ముందుకు వెళ్లిపోయింది. ఎవరో జమీందారు కొడుకు, ఒంటి నిండా సెంటు కొట్టుకున్నవాడు, పెళ్లిచూపులకు వచ్చి కూర్చున్నాడు. ఆ పిల్ల కావాలనే కుంటుతోంది, అదీ ఒకసారి కుడికాలు, ఒకసారి ఎడమకాలు. పెళ్లికొడుకు తల్లి ఏ కాలు కుంటిదో తెలియక తలకిందులవుతోంది. ఆడవాళ్ల వైపు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నారు. అంతా వెళ్లిపోయాక ప్లీడరు కూతుర్ని ఎదుట నిలబెట్టి గద్దించాడు. ఇక వేషాలేమీ లేవు. ఆ పిల్ల తల ఎత్తి, నాకు ఇష్టం లేదు నాన్నగారూ, అంది. అంతే అంది. ఏడవలేదు, కాళ్ల మీద పడలేదు. ముందు బెంచీలో ఒక ముసలమ్మ, మంచిగన్నది, అంది ఎవరితోనో అన్నట్టు. ఆండాళు వెన్ను, అప్పటిదాకా పంతులమ్మ వెన్నుగా బిగిసి ఉన్నది, ఎందుకో మెత్తబడింది. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలు ఈ చీకట్లో వరసగా కూర్చుని ఈ ఒక్క మాట వినాలి. వాచకంలో ఈ మాట ఏ పాఠంలో ఉంది? తను చెప్పగలదా నల్లబల్ల ముందు నిలబడి? చెప్పలేదు. ఆ బొమ్మ చెబుతోంది, నవ్విస్తూ చెబుతోంది. చాలు, తేలిపోయింది, ఇప్పుడే లేచి ఇంటికి వెళ్లినా నష్టం లేదు.

అప్పుడు వచ్చాడు వంటమనిషి. ప్లీడరుగారి ఇంట్లో వంట చేసేవాడు, గుబురు మీసాలు, మోకాళ్ల పైకి కట్టిన ధోవతి. పిలిస్తే చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చి, "జర ఆగుండ్రి దొరా, గిట్ల ఉరికిస్తె ఎట్ల?" అన్నాడు. హాలు పెళ్లున నవ్వింది. ఆండాళు కూడా నవ్వింది. నోరు తెరిచి, పైకి వినబడేలా నవ్వింది. నవ్వు బయటికి వచ్చిన తరవాత గాని ఆ మాట చెవిలోకి దిగలేదు. జర ఆగుండ్రి. ఆ అమ్మాయి డాక్టరుకు ఒక మాట చెప్పి రమ్మంటుంది, వాడు తలకిందులుగా చెప్పి వస్తాడు, ప్లీడరు వాణ్ని వెక్కిరిస్తూ గిట్లనా గట్లనా అంటాడు, వాడు గిట్ల గాదు గట్ల అంటాడు. మాట మాటకూ నవ్వు. ఆ వేషం వేసినవాడు ఈ గడ్డ మీద పుట్టినవాడు కాడని ఆండాళుకు తెలిసిపోతోంది. ఎక్కడ పెట్టాలో తెలియక ప్రతి మాట ముందరా ఒక గకారం తగిలిస్తున్నాడు, వంటరాని మనిషి అన్నిట్లోనూ కారం జల్లినట్టు. అయినా ఆ జర, ఆ ఆగుండ్రి మాత్రం అచ్చు. కుర్చీల వైపు నుంచి ఒక బొంగురు నవ్వు, చివర దగ్గుతో కలిసి, మళ్లీ మళ్లీ వస్తోంది. అది పెద్దసారు నవ్వు, ఆయనా బొమ్మ చూడటానికి వచ్చి అక్కడ కూర్చున్నారు.

విరామానికి దీపాలు వెలిగాయి. రామచంద్రంగారు ఆడవాళ్ల పరదా దగ్గరికి వచ్చి, మర్యాదగా దూరంగా నిలబడి, ఆమెకు ఒక సోడా పంపించి, తువ్వాలతో కళ్లు తుడుచుకున్నారు. "అసభ్యం ఏమీ లేదండీ ఆండాళమ్మగారూ. ఆ వంటవాడున్నాడే, వాడు నోరు తెరిస్తే చాలు, పొట్ట చెక్కలవుతోంది నాకు." ఆండాళు, అవునండీ, అంది. ఆ అండీ తన గొంతులోంచే వచ్చిందా అని ఒకసారి తనకే అనుమానం వచ్చింది. కోపం తెచ్చుకుందామంటే రాదు, ఆయన మంచివాడు. రేపల్లె వైపు నుంచి ఇంత దూరం బదిలీ మీద వచ్చి, జొన్నరొట్టె తినడం నేర్చుకుని, వాన కురిసే గదిలో పిల్లల్ని ఒక పక్కకు జరిపి తాను తడుస్తూ పాఠం చెప్పిన మనిషి. చెడ్డవాళ్ల నవ్వయితే తుడిచేసుకోవచ్చు. మంచివాళ్ల నవ్వు ఒంటికి అంటుకుంటుంది. మళ్లీ చీకటి పడింది. బొమ్మ సాగుతూనే ఉంది గాని ఆండాళుకు తెర మీద కనిపిస్తున్నది వేరు.

బాపు, వెంకటనర్సు, మగ్గం గుంటలో. చేతులు నూలు మీద, కళ్లు గుమ్మం మీద. ఆడపిల్లకు చదువేందని వాడంతా అంటుంటే, తురక బడి అయితే ఏంది, చదువు చదువే అని, ఆరేళ్ల ఆండాళును భుజాన ఎత్తుకుని తీసుకుపోయి ఉర్దూ అలిఫ్ బే దిద్దించిన మనిషి. దారిలో ప్రతి చెట్టుకూ ఒక కథ చెప్పేవాడు. గప్పుడేమైందంటె బిడ్డా, అని మొదలుపెడితే బడి ఎప్పుడు వచ్చిందో తెలిసేది కాదు. ఆ కథలు వినీ వినీ ఆమెకు మాట మీద ప్రేమ పుట్టింది, పంతులమ్మ కావాలన్న కోరిక పుట్టింది. రాష్ట్రాలు కలిసిన మరుసటేడు ట్రైనింగుకు పోతే, అక్కడ పాఠం చెప్పే ఆయన, ఈ భాష పిల్లల ముందు పనికిరాదమ్మా, మార్చుకోవాలి, అన్నాడు. మార్చుకుంది. అద్దం ముందు నిలబడి, వచ్చారా, తిన్నారా, కూర్చోండి, అని పెదవులు అరిగేలా నేర్చుకుంది. ఏది చేసినా మొదటిగా రావాలన్న పట్టుదల బాపు దగ్గర నుంచి వచ్చిందే. సెలవుల్లో ఇంటికి వెళ్లి, ఎలా ఉన్నారు నాన్నగారూ అంటే, బాపు నాడె ఆపి, నోరు తెరుచుకుని చూశాడు. సాయంత్రానికి వాడంతా తిరిగి చెప్పొచ్చాడు, మా బిడ్డ పుస్తకం లెక్క మాట్లాడుతది, అని. ఎంత పొంగిపోయాడో. తనూ పొంగిపోయింది. కాని ఆ రాత్రి అన్నం తింటూ ఆయన ఏదో చెప్పబోయి, గప్పుడు, అని ఆగి, ఆమె మొహం చూసి, ఏం లేదు బిడ్డా అన్నాడు. ఆ తరవాత ఆమె ఎదుట కథ చెప్పలేదు. పెద్దవాడయ్యాడు, ఓపిక తగ్గింది అనుకుంది. నాలుగేళ్లుగా అలాగే అనుకుంటోంది. ఓపిక తగ్గలేదు. సిగ్గుపడ్డాడు. అంత గొప్ప కథలు చెప్పే మనిషి కన్నకూతురి ముందు నోరు విప్పడానికి సిగ్గుపడ్డాడు.

కిష్టమ్మ కూడా అంతే కదా. బడి వార్షికోత్సవం నాడు పందిట్లో నిలబడి, తప్పిపోయిన ఎద్దు కథ మొదలుపెట్టింది. వాళ్ల ఎద్దు అచ్చంపేట అంగడిలో తాడు తెంపుకుని నల్లమల అడవిలోకి పోయి, వారం తరవాత తానే వచ్చి వాకిట్లో నిలబడిందట, ఎలా వచ్చిందన్నదే కథ. ఆ పిల్ల చెబుతుంటే పందిరంతా ఎద్దు గంట వినబడినట్టు నిశ్శబ్దమయింది. గప్పుడు గా ఎద్దు ఏం జేసిందంటె, అనేసరికి ముందు కుర్చీల్లో కూర్చున్న అతిథులు నవ్వారు. కోపంతో కాదు, ముద్దుగానే నవ్వారు. తను పక్క నుంచి మెల్లిగా అందించింది, అప్పుడు అనాలమ్మా, అప్పుడు ఆ ఎద్దు. పిల్ల ఆగింది. అప్పుడు, అంది. ఆ తరవాతి మాట రాలేదు. ఎద్దు అడవిలోనే ఉండిపోయింది. ఆనాటి నుంచి కిష్టమ్మ తరగతిలో చెయ్యెత్తదు, అడిగితే లెక్క చెబుతుంది, తలాడిస్తుంది, అంతే. మీరు నేర్పే షోకులు అని సాయిలు అన్నది దేని గురించో ఇప్పుడు, ఈ చీకట్లో, బెంచీ మీద కూర్చుని, ఆండాళుకు అర్థమయింది.

నేల క్లాసులో మళ్లీ గోల. వంటమనిషి పిండి బస్తాలో పడ్డాడు. మీసాలతో సహా తెల్లగా లేచి, "గిదేం బతుకురా నాయినా" అన్నాడు. అప్పుడు ఆండాళు నవ్వు వినడం మొదలుపెట్టింది, తెర చూడటం మానేసి. కుర్చీల వైపు నవ్వు ఒక తీరు, అది వాడి మాట మీద పడుతోంది. నేల మీది నవ్వు ఇంకో తీరు. రైల్వే గేటు దగ్గరి హమాలీలు, బండ్లవాళ్లు, సంతకు వచ్చిన పల్లెవాళ్లు, వాడు నోరు తెరవకముందే చేతులు చరుస్తున్నారు. ఎవడో లేచి అరిచాడు, "మనోడేరా!" అని, మేనత్త కొడుకు కనబడ్డంత సంబరంగా. వాళ్లకు ఇన్నాళ్లకు తెర మీద తమ మాట వినబడింది. అది బస్తాలో పడిన మాటయినా సరే, తమది. తన వాళ్ల మీద తనకు ఇంత గర్వం ఉందని ఆండాళుకే ఇప్పటిదాకా తెలియదు. ఒకే మాటకు రెండు నవ్వులు. ఆడపిల్లల వరసలో కూర్చున్నప్పుడు కిష్టమ్మ ఏ నవ్వు నేర్చుకుంటుంది? ఆమె పక్కన కూర్చునే స్టేషను మాస్టరుగారి అమ్మాయి ఏ నవ్వు నవ్వుతుంది? వద్దంటే సరిపోతుంది. ఒక్క మాటతో పోతుంది. కాని వద్దంటే, నాకు ఇష్టం లేదు నాన్నగారూ అన్న మాట కూడా పోతుంది, చేదుమందు పోతుంది, పోటీల్లో గెలిచి వచ్చిన పిల్లల సంబరం పోతుంది. బయట ఈ పిల్లలకు ఆ నవ్వు ఎలాగూ తప్పదు, రైల్లో, బస్సులో, ఆఫీసుల్లో, ఎక్కడికి వెళ్లినా ఎదురవుతుంది. ఎదురైన నాడు పక్కన ఎవరుంటారు? తెర మీద డాక్టరూ ఆ పిల్లా ఒకే గొడుగు కిందికి వచ్చారు, గొడుగు ముందుకు వంగింది, బొమ్మ అయిపోయి అందరూ లేచి నిలబడ్డారు.

బయట ఎండ కళ్లలో పొడిచింది. గేటు పక్కన గోడ నీడలో సాయిలు నిలబడి ఉన్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని. ఆమెను చూసి ఒక అడుగు ముందుకు వేసి, వెనక పెద్దసారును చూసి ఆగిపోయాడు. రామచంద్రంగారు తువ్వాల మడుచుకుంటూ, ఏమంటారండీ ఆండాళమ్మగారూ, పిల్లలకు చూపించవచ్చునా, అని అడిగారు. మేనేజరు కూడా చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆండాళు నోటిలోకి, చూపించవచ్చునండీ, అన్న మాట అలవాటు కొద్దీ వచ్చేసింది. దాన్ని మింగింది.

"తీస్కపోదాం సార్. ప్రేమ సంగతికి ఫికరు లేదు, అండ్ల పిల్లలు చూడగూడనిది ఏం లేదు. గా వంటాయన మాట్లాడినప్పుడు నవ్వుతరు చూడుండ్రి, దానికే నాకు బుగులు. గది మా బాపు మాట సార్. గీ పిల్లల అవ్వల మాట, తాతల మాట. పిల్లలను హాల్లకు తోల్కపోయే ముందుగాల నేను వాళ్లతోని మాట్లాడుత. నవ్వొద్దని మాత్రం చెప్ప. నవ్వొస్తే నవ్వాలె, కాని అది ఎవరి మాటనో ఎరికతోని నవ్వాలె."

రామచంద్రంగారు ఆమె మాట్లాడిన తీరు విని మొదట ఆశ్చర్యపోయారు, తరవాత ఆమె చెప్పింది విని తల దించుకున్నారు. నేనూ నవ్వానండీ, అన్నారు, మెల్లిగా.

"నేను గూడ నవ్విన సార్," అంది ఆండాళు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ పూట పిల్లలతో మీరు మాట్లాడేటప్పుడు నేనూ వచ్చి వెనక కూర్చుంటాను, అని చెప్పి, మేనేజరు వైపు తిరిగి ఆట ఎప్పుడు వెయ్యాలో మాట్లాడటానికి వెళ్లారు. సాయిలు అక్కడే ఉన్నాడు. అడగవలసింది అడగకుండా ఆమెను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"మీది యే ఊరు పంతులమ్మా?"

"చండూరు, నల్గొండ దిక్కు. సాలోళ్లం. వెంకటనర్సు బిడ్డను." ఆ పేరు ఆమె కావాలనే కొంచెం గట్టిగా చెప్పింది. బండ్ల దగ్గర నిలబడ్డవాళ్లు ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

"గీ రెండేండ్ల సంది మిమ్ములను పెద్దసారు లెక్క అటు దిక్కోళ్లే అనుకున్న."

"అనుకునేటట్టే మాట్లాడిన గదా అన్నా."

సాయిలు నవ్వాడు. అతను నవ్వగా ఆమె చూడటం అదే మొదలు. ఆ తరవాత సినిమా సంగతులు ఒక్కొక్కటే అడిగాడు. ఆమె దాచకుండా చెప్పింది. చేదుమందు చెప్పింది, చెయ్యి పట్టుకున్నది చెప్పింది, కుంటిన కాళ్లు చెప్పింది, ఇష్టం లేదని తండ్రి ఎదుట నిలబడి అన్నది చెప్పింది. అక్కడ అతను ఆపాడు. తండ్రి ఏమన్నాడని అడిగాడు. మొదట కోపం చేశాడు, ఆఖరికి విన్నాడు, అంది ఆండాళు. సాయిలు తువ్వాల భుజం మార్చుకుని, రోడ్డు మీద పోతున్న బండిని అది మలుపు తిరిగిందాకా చూశాడు.

"కిష్టమ్మను పంపుత," అన్నాడు చివరికి. "కాని మీ పక్కనే కూసోవెట్టుకోండ్రి. ఇంట్ల అది ఊకె మాట్లాడుతనే ఉంటది, ఒక్క తీరుగ ఊకోదు. సినిమాల గూడ గట్లనే మొదలువెడితె పక్కోళ్లకు ఏం వినరాదు."

"మాట్లాడనియ్యి అన్నా," అంది ఆండాళు. "ఎద్దు అడివి నుంచి ఎట్లొచ్చిందో నాకింకా చెప్పనే లేదు."